అరికాలి చుక్క

దూరం నుంచి చూస్తే కొండలు నీలంగా కనిపిస్తాయని ఒక దేశానికి నీలగట్టు అని పేరు పెట్టారు. దగ్గరికి వెళ్తే అవీ అన్ని కొండల్లాగే మట్టిరంగులో ఉండేవి. ఆ దేశానికి జయంధరుడు రాజు, మాలినీదేవి రాణి. వాళ్ళకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దది మేఖల, చిన్నది ఇందుప్రభ. ఆ దేశానికి వచ్చిపడిన కష్టమంతా ఈ అక్కాచెల్లెళ్ళ మధ్యే పుట్టింది కాబట్టి, పిల్లలూ, ముందు వాళ్ళ సంగతే చెప్పుకుందాం.

ఇందుప్రభ అందం గురించి మొదలుపెడితే పొద్దుపోతుంది. ఆమె పల్లకి వీధిలోకి వస్తే పూలమ్మే అవ్వ మూరలు కొలవడం మరిచిపోయేది. మంగలి సగం గడ్డం గీసి కత్తి పట్టుకుని నిలబడిపోయేవాడు. మరి మేఖల? ఆమె కురూపి ఏమీ కాదు. ముక్కు కాస్త వెడల్పు, జుట్టు కాస్త బిరుసు. ఇంకో ఇంట్లో పుట్టి ఉంటే చక్కని పిల్ల అనే అనేవాళ్ళు. కానీ ఇందుప్రభ పక్కన నిలబడాల్సి రావడం ఆమె ఖర్మ.

రాణిగారికి ఎప్పుడూ ఒకటే బెంగ, చిన్నకూతురికి ఎక్కడ దిష్టి తగులుతుందోనని. తెల్లవారగానే ఆముదం దీపానికి పట్టిన కాటుకను భరిణెలో తెచ్చి మేఖల చేతికిచ్చేది.

"చెల్లికి చుక్క పెట్టమ్మా. తోడబుట్టినవాళ్ళ చేత్తో పెడితేనే దిష్టి దగ్గరికి రాదు" అనేది.

ముఖాన పెడితే అందం చెడుతుందని అరికాలిలో పెట్టించేది. అంటే రాజుగారి పెద్దకూతురు రోజూ పొద్దున్నే చెల్లెలి కాళ్ళ దగ్గర చతికిలబడాలన్నమాట. ఒకసారి, ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడు, మేఖల తన కాలు కూడా చాపి, "అమ్మా, నాకూ పెట్టమని చెల్లితో చెప్పవే" అంది.

రాణిగారు నవ్వేసింది. "నీకెందుకే పిచ్చితల్లీ? నీకెవరి దిష్టి తగులుతుందే?"

ఆ మాట రాణిగారు మధ్యాహ్నం భోజనాల వేళకే మరిచిపోయింది. మేఖల మరిచిపోలేదు. ఆనాటి నుంచి చుక్క పెట్టిన ప్రతిసారీ, వేలు తీసే ముందు గోటితో కచ్చగా ఒక్క నొక్కు నొక్కేది. ఇందుప్రభ కాలు వెనక్కి లాక్కునేది కాదు, అబ్బా అనేది కాదు, అమ్మతో చెప్పేదీ కాదు. అలా చెప్పకపోవడం చూస్తే మేఖలకు ఇంకా ఒళ్ళు మండేది. పోనీ పోట్లాడినా బాగుండునని ఉడుక్కునేది.

ఇలా ఉండగా ఇందుప్రభకు స్వయంవరం చాటించారు. పొరుగు దేశాల రాకుమారులు వచ్చి విడిదిలో దిగారు. చెల్లెలు ఏ చీర కట్టుకోవాలో, ఏ హారం వేసుకోవాలో అని కోటంతా తలకిందులైపోతోంది. మేఖల ఏ చీర కట్టుకుంటుందని అడిగిన మనిషి లేదు. పెద్దదాన్ని వదిలేసి చిన్నదానికి పెళ్ళేమిటని అడిగిన మనిషీ లేదు. ఆ తెల్లవారుజామున మేఖల కాటుక భరిణె పట్టుకుని చెల్లెలి గదిలోకి వెళ్ళింది. ఇందుప్రభ నిద్రపోతోంది. నిద్రలో కూడా అంత అందంగా ఉండటమేమిటని మేఖలకు కడుపు మండిపోయింది.

కాటుకలో వేలు ముంచింది. ముంచిన వేలిని చెల్లెలి పాదం దాకా తీసుకెళ్ళింది. అక్కడ ఆగి, తన కాలు తిప్పుకుని, ఆ చుక్క తన అరికాలిలోనే పెట్టుకుంది.

"ఈ ఒక్క రోజూ దిష్టి నాకే తగులుతుందనుకోనీ" అని గొణుక్కుంది.

అంతలో గదిలోకి పచ్చిరంగుల వాసన గుప్పుమంది. కిటికీలోంచి ఒక రాక్షసుడు లోపలికి వంగాడు. మోచేతుల దాకా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు కారుతున్నాయి. చంకలో పెద్ద బొమ్మల పుస్తకం, చెవిలో దోపుకున్న కుంచె. వాడి పేరు చిత్రదంష్ట్రుడు.

"ఎన్నాళ్ళుగా వచ్చి పోతున్నానో! ఆ నల్లచుక్క కారంలా ముక్కుకు తగిలి కిటికీ దగ్గరే తుమ్ముకుంటూ పోయేవాణ్ణి. ఇవాళ లేదు. నా పుస్తకంలో ఏ వంకా లేని అందాలే ఉంటాయి. ఈ పిల్ల దానికోసమే పుట్టింది" అన్నాడు.

వాడు పుస్తకంలో తెల్లని పుట ఒకటి తెరిచి ఊదగానే, ఇందుప్రభ పడకతో సహా సన్నగా, పలచగా అయిపోయి ఆ పుట మీద బొమ్మగా అతుక్కుపోయింది. మేఖల భరిణె పట్టుకుని గోడకు నక్కింది. రాక్షసుడు పోతూ పోతూ ఆమెవైపు ఒకసారి చూశాడు.

"నువ్వా? నువ్వు అక్కర్లేదులే" అని కిటికీలోంచి ఎగిరిపోయాడు.

ఏడుపులూ పెడబొబ్బలూ అయ్యాక, చిన్నకూతుర్ని తెచ్చినవాళ్ళకు అర్ధరాజ్యమిచ్చి ఆమెతో పెళ్ళి చేస్తానని రాజుగారు చాటించారు. స్వయంవరానికి వచ్చిన రాకుమారులు గుర్రాలెక్కి చీకటికోన అడవి దాటి రాక్షసుడుండే వన్నెలకోటకు బయల్దేరారు. ఒక్కడూ తిరిగి రాలేదు. రాణిగారు మంచం పట్టింది. మేఖల రాక్షసుణ్ణి చూశానని చెప్పింది కానీ చుక్క సంగతి మాత్రం గొంతులోనే నొక్కేసుకుంది.

పోనీ ఇప్పుడైనా అందరూ మేఖలను చూశారా అంటే, అదీ లేదు. పొద్దున లేస్తే ఇందుప్రభ నవ్వు గురించి, ఇందుప్రభ నడక గురించే మాటలు. ఎదురుగా ఉన్నప్పటి చెల్లెలి కంటే కనిపించని చెల్లెలు ఇంకా పెద్ద అందగత్తె అయి కూర్చుంది. ఒకవైపు చేసిన తప్పు తినేస్తుంటే, మరోవైపు ఈ ఉక్రోషం. ఇక ఉండలేక మేఖల కాసిని అటుకులూ బెల్లం మూట కట్టుకుని, కాటుక భరిణె కొంగున ముడేసుకుని తల్లి దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, చెల్లిని నేను తెస్తాను."

"రాకుమారుల వల్లే కానిది నీవల్ల ఏమవుతుందే?" అని రాణిగారు ఆమె చెయ్యి పట్టుకుంది. "ఒకదాన్ని పోగొట్టుకున్నాను. నిన్ను కూడా పోగొట్టుకుని నేను బతకలేనే తల్లీ!"

తల్లి ఈ మాట అంటుందని మేఖల అనుకోలేదు. ఏడుపు ముంచుకొస్తే ముఖం తిప్పుకుని గబగబా బయటికి వచ్చేసింది.

చీకటికోన అడవి నడుమ అడుగు కనిపించని లోయ ఒకటి ఉంది. దాని ఒడ్డున రెండు తలల పక్షి కూర్చుని ఉంది. కుడి తలకు నిగనిగలాడే బంగారు తురాయి, ఎడమ తలకు చింపిరి ఈకలు.

"ఓ పక్షిరాజా, నన్ను లోయ దాటించవా?" అని మేఖల అడిగింది.

"నాకేం అభ్యంతరం లేదమ్మా, నా రెక్క సిద్ధం" అంది కుడి తల దర్జాగా. "ఈ ఎడమదే మొరాయిస్తుంది. నిన్న మొన్న వచ్చిన రాజుగారబ్బాయిలు పళ్ళు తెచ్చారు, తేనె తెచ్చారు, ఇద్దరికీ సమానంగా పంచారు. అయినా ఇది రెక్క ఆడించలేదు. పాపం, వాళ్ళు తీగలు పట్టుకుని దిగి చచ్చీచెడీ అవతలికి పోయారు."

ఎడమ తల మూతి ముడుచుకుని ఎటో చూస్తోంది. ఆ చూపు మేఖలకు బాగా తెలుసు. అద్దంలో రోజూ చూసుకునే చూపే అది. వాళ్ళు పళ్ళు సమానంగానే పంచి ఉంటారు, కానీ ముందు ఎవరికి ఇచ్చారు? వచ్చిన ప్రతివాడూ ఓ పక్షిరాజా అని ఎవరి కళ్ళలోకి చూసి పిలిచాడు? తను మాత్రం ఇందాక ఎవర్ని చూసి పిలిచింది? మేఖలకు సిగ్గేసింది. కుడి తలను వదిలేసి ఎడమ తల ముందుకు వెళ్ళి నిలబడింది.

"నీ పేరేమిటి?"

ఎడమ తల ఉలిక్కిపడింది. "నా పేరా?"

"నీ పేరే."

"ఇంతవరకూ ఎవరూ అడగలేదు" అంది ఎడమ తల. "చిలకమ్మ. మా అమ్మ పెట్టింది."

"చిలకమ్మా, నాకు నీ సాయం కావాలి. దాటిస్తావా?"

"అడగడానికేనా ఇంతసేపు? ఎక్కు!" అంటూ ఎడమ రెక్క ధడేలున విచ్చుకుంది. కుడి తల నోరు వెళ్ళబెట్టి, "మరి నా పేరు అడగవా?" అని దారిపొడుగునా సణుగుతూనే ఉంది. మేఖలకు ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది. దిగాక దాని పేరు కూడా అడిగింది లెండి.

లోయ అవతల ఒక కొలను. ఒడ్డున కుంభముని అనే ముసలి ముని మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు. మేఖల దండం పెట్టి తన పని చెప్పింది.

"ఆ రాక్షసుడి రంగులు ఏ నీటికీ కరగవు, ఈ కొలను నీటికి తప్ప" అన్నాడు ముని. "ఒక సొరకాయ బుర్రెడు పట్టుకుపో. నీ చెల్లెలి బొమ్మ మీద పోస్తే లేచి వస్తుంది. కానీ అమ్మాయ్, ఈ నీటికి ఇంకో గుణముంది. దీంతో ముఖం కడుక్కున్నవాళ్ళు మూడు లోకాల్లో ఉన్న అందగత్తెలందరినీ తలదన్నేస్తారు."

మేఖల ఒక అడుగు ముందుకు వేసింది. "నా చెల్లెల్ని కూడానా?"

"నీ చెల్లెల్ని, దాని తలదన్నేదాన్ని కూడా."

"అయితే రెండు బుర్రలు ఇప్పించండి స్వామీ."

"ఇదేమన్నా పాల అంగడి అనుకున్నావా?" అని ముని కసిరాడు. "జన్మకు ఒక్క బుర్ర. దేనికి వాడుకుంటావో నీ ఇష్టం. నేను శపించను, దీవించను."

మేఖల ముని ఇచ్చిన బుర్ర నింపుకుంది. నీళ్ళలో తన వెడల్పు ముక్కు కనిపించింది. దోసిలి పట్టడానికి చెయ్యి ముందుకు పోయింది కూడా. అప్పుడొక ఆలోచన వచ్చి ఆగింది. చెల్లెలు చూడకపోతే ఆ అందం ఎందుకు? ఇందుప్రభ చూసి కుళ్ళుకోవాలి కదా! ముందు చెల్లెలి దగ్గరికి చేరనీ, తర్వాత చూద్దామనుకుని బుర్రకు బిరడా బిగించింది. ఇది గొప్ప మనసేమీ కాదు. నేను చెప్పే కథలో లేని గొప్పలు చెప్పను.

వన్నెలకోటలో అడుగు పెడితే కళ్ళు చెదిరాయి. గోడలన్నీ రంగులే. నడిమి చావడిలో తలుపంత పుస్తకం నిలబెట్టి ఉంది. దాని ఎదుట చిత్రదంష్ట్రుడు కుంచె నాకి మొన చేసుకుంటున్నాడు.

"ఓహో, అక్కర్లేని పిల్ల!" అన్నాడు. "దొంగతనంగా వచ్చేవాళ్ళకు నా పుస్తకం తెరుచుకోదు. నేనే తెరుస్తా, చూసుకో. ఈ పుటలన్నిటా నీ చెల్లెలే. ఒక్కటే అసలుది, మిగతావి నా చేతిపని. అసలుది ఏదో చెప్పు. రాకుమారులంతా ముఖం చూసి ఎంచారు. తప్పారు. అంచుల్లో అలంకారానికి పెట్టుకున్నాను."

నిజమే, పుటల అంచుల్లో వేలెడంత రాకుమారులు వేలెడంత గుర్రాల మీద గుడ్లు మిటకరిస్తూ ఉన్నారు.

"నేను తప్పితే నన్నూ అంచులో పెడతావా?"

"నిన్నా? నా అంచు పాడవుతుంది. నిన్ను వ్యాసపీఠంగా మార్చి ఈ పుస్తకాన్ని నీ వీపు మీద ఎత్తి పెట్టుకుంటాను. నీ చెల్లెలి అందాన్ని కలకాలం మోస్తూ ఉందువుగాని."

మేఖలకు ముఖం మీద కొట్టినట్టయింది. అయినా పుటలు తిప్పింది. ప్రతి పుటలోనూ పడక మీద నిద్రపోతున్న ఇందుప్రభే. అవే కనురెప్పలు, అదే పెదవి. తల్లిని తెచ్చి నిలబెట్టినా తేల్చలేదు. తిప్పీ తిప్పీ మేఖల చివరికి అలవాటుకొద్దీ పుస్తకం కింది భాగాన, బొమ్మ పాదాల దగ్గర చతికిలబడింది.

అక్కడ కూర్చోగానే ఆమెకు తోచింది. అందరూ ఇందుప్రభ ముఖం చూశారు. అరికాలు చూసింది మాత్రం తనొక్కతే.

మళ్ళీ మొదటి నుంచి తిప్పడం మొదలుపెట్టింది. ఈసారి ముఖాల జోలికే పోలేదు. ఒక పాదం నున్నగా ఉంది, తిప్పేసింది. ఇంకొకటీ నున్నగానే ఉంది. అలా తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ అరికాలి నడుమ, రోజూ చుక్క పెట్టే చోట, గోటి నొక్కులు ఒకదాని మీద ఒకటి పడి చర్మం గట్టిపడి ఉంది. అవన్నీ తన గోటివే. ఒక్కో పొద్దున ఒక్కో నొక్కు.

"ఇదే నా చెల్లెలు" అంది మేఖల.

రాక్షసుడి ముఖం మాడిపోయింది. కానీ వెంటనే గొంతు తియ్యగా మార్చాడు. "గుర్తుపట్టావు, సరే. నీ చేతిలో ఉన్నది ముని కొలను నీరు కదూ? దాన్ని ఈ బొమ్మ మీద పారబోసి ఏం బావుకుంటావు పిల్లా? ఇంటికి పోతే మళ్ళీ ఆ కాళ్ళ దగ్గరే కూర్చోవాలి. హాయిగా ముఖం కడుక్కో. నా పుస్తకంలో మొదటి పుట నీకిస్తాను. నీ చెల్లెల్ని చిట్టచివరి పుటకు తోసేస్తాను. తెరిచినవాళ్ళంతా ముందు నిన్నే చూస్తారు."

ముందు నిన్నే చూస్తారు! పుట్టి బుద్ధెరిగిన దగ్గరి నుంచి మేఖల కోరుకున్నది ఆ ఒక్కటే. ఆమె బిరడా తీసింది. నీళ్ళు తళతళలాడాయి. బుర్ర ముఖం దాకా వచ్చింది. ఒక్క దోసిలి చాలు.

కానీ కళ్ళు మళ్ళీ ఆ పాదం మీదికే పోయాయి. ఇన్ని నొక్కులా? ఇన్నిసార్లు నొప్పి పెట్టి ఉంటుంది కదా. మర్నాడు పొద్దున మళ్ళీ నొక్కుతుందని తెలిసి కూడా అదే పాదాన్ని చాపి ఇచ్చింది కదా ఈ పిల్ల. మేఖల కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. బుర్రను వంచి, ఉన్న నీళ్ళన్నీ చెల్లెలి అరికాలి మీద పోసేసింది.

రంగు కరిగి కారింది. పాదం గిలగిల్లాడింది.

"అబ్బ, చల్లగా ఉందక్కా!" అంటూ ఇందుప్రభ పుటలోంచి లేచి కూర్చుంది.

"చూడు చిత్రదంష్ట్రుడా" అని మేఖల చెల్లెలి పాదం ఎత్తి చూపించింది. "ఏ వంకా లేదన్నావే, ఇదేమిటి? ఇన్నాళ్ళూ నీ పుస్తకంలో వంక ఉన్న బొమ్మను పెట్టుకున్నావు."

"వంకా? నా పుస్తకంలోనా?" అని రాక్షసుడు గావుకేక పెట్టాడు. ఆ మాట నిజమని తెలియగానే పుస్తకం దారం పుటుక్కున తెగింది. పుటలు ఎగిరిపోయాయి. అంచుల్లోని రాకుమారులు గుర్రాలతో సహా దబదబా రాలిపడ్డారు. రాక్షసుడి ఒంటి మీద రంగులు ఒక్కొక్కటే కారిపోయాయి. ఎరుపు పోయింది, పసుపు పోయింది, లోపల మసి తప్ప మరేమీ మిగల్లేదు. చివరికి వాడు నేల మీద గుప్పెడు మసి కుప్పయ్యాడు. మేఖల ఆ మసిని ఎత్తి తన భరిణెలో నింపుకుంది.

అప్పుడు ఆమె చెల్లెలి ముఖంలోకి చూడలేక తల వంచుకుంది. "ఇందూ, నీకొకటి చెప్పాలి. ఆ రోజు నేను చుక్క..."

"నీ కాలికి పెట్టుకున్నావు. నాకు మెలకువగానే ఉంది" అంది ఇందుప్రభ.

"మరి లేచి అడగలేదేం?"

"అడిగితే నువ్వు మళ్ళీ నా కాళ్ళ దగ్గర కూర్చోవాలి కదక్కా. నీకది ఎంత మంటో నాకు తెలీదా? రోజూ నీ గోరు చెబుతూనే ఉందిగా." ఇందుప్రభ నవ్వబోయి ఏడ్చేసింది. మేఖల కూడా ఏడ్చింది. రాకుమారులు ఏం చేయాలో తోచక గుర్రాల మూతులు నిమురుతూ నిలబడ్డారు.

పక్షి అందరినీ విడతలు విడతలుగా లోయ దాటించింది. పేర్లు పెట్టి పిలిచారు కాబట్టి రెండు తలలూ పేచీ పెట్టలేదు. కోటకు చేరాక మేఖల దాపరికం లేకుండా అంతా తల్లిదండ్రులకు చెప్పింది. రాణిగారు కొంగుతో ముఖం కప్పుకుంది. రాజుగారు గొంతు సవరించుకుని, "మాటంటే మాటే. తెచ్చినవాళ్ళకు అర్ధరాజ్యం, ఇందుప్రభతో పెళ్ళి" అన్నారు.

"చెల్లెల్ని నేనేం చేసుకోను నాన్నగారూ? రాజ్యం చాలు" అంది మేఖల.

ఇందుప్రభ తన స్వయంవరంలో, పుస్తకంలోంచి తలకిందులుగా పడి తనను తాను చూసుకుని పకపకా నవ్వుకున్న రాకుమారుడి మెడలో మాల వేసింది. మేఖలకు పట్టాభిషేకం నిశ్చయమైంది. రాజ్యంలో వెనకబడినవాళ్ళ ముఖాలు ఆమెకు ముందు కనిపిస్తాయని ప్రజలు అప్పటికే చెప్పుకోసాగారు. ఆమె ఈర్ష్య పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. చెల్లెలి పెళ్ళిచీర అంచు చూసి ఒక పూటంతా మూతి ముడుచుకుని కూర్చుంది.

పట్టాభిషేకం రోజు తెల్లవారగానే రాణిగారు కాటుక భరిణె తెచ్చింది. అలవాటుగా మేఖల చెయ్యి చాచింది. రాణిగారు ఆమెను దాటుకుని వెళ్ళి భరిణెను ఇందుప్రభ చేతిలో పెట్టింది.

"అక్కకు చుక్క పెట్టమ్మా. ఊరందరి కళ్ళూ ఇవాళ దాని మీదే" అంది.

ఇందుప్రభ పెళ్ళిచీర నలుగుతుందని కూడా చూడకుండా అక్క కాళ్ళ దగ్గర చతికిలబడింది. ఒకనాటి రాక్షసుడైన ఆ మసిలో వేలు ముంచి, మేఖల అరికాలి నడుమ గుండ్రంగా చుక్క పెట్టింది. వేలు తీసే ముందు తలెత్తి అక్క ముఖంలోకి కొంటెగా చూసి, గోటితో గట్టిగా ఒక్క నొక్కు నొక్కింది.

మేఖల కాలు వెనక్కి లాక్కోలేదు.